నాలుగో మీట

మా బావ నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ అంటారు. నలుగురూ చేరినచోట ఆయన కుర్చీ ఎప్పుడూ గోడ పక్కనే ఉంటుంది. ఏదైనా అడిగితే అవునంటాడు, మళ్లీ అడిగితే కాదంటాడు, మూడోసారి అడిగితే లేచి మంచినీళ్లకి వెళ్తాడు. పెళ్లయిన కొత్తలో మా అక్క, "ఈయనకి మాటలు రేషన్లో ఇచ్చారే" అని నా దగ్గర వాపోయింది. వీళ్లెవరూ బావ కుడిచేతిని పనిలో ఉండగా చూడలేదు. నేను ఇరవై రెండేళ్లు చూశాను. అందుకే ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. లేదన్నవాళ్లు వచ్చి నాతోనే తేల్చుకోవచ్చు.

మాది చిన్న రేడియో స్టేషను. రెండు గదులు, మధ్యలో రెండు పొరల అద్దం. అటు గదిలో మైకు, బల్ల, చదివే మనిషి. ఇటు గదిలో మిక్సరు, దాని ముందు బావ. బయట వరండాలో ఒక బెంచీ, ఆ చివర రికార్డుల గది, దాన్ని ఆనుకుని కిటికీ లేని ఒక మూల. ఆ మూల నాది. నేను స్క్రిప్టులు రాస్తాను. బావ సిఫార్సుతో ఉద్యోగం తెచ్చుకున్నానని చెవులు కొరుక్కునేవాళ్లు ఉండేవారు. సిఫార్సు చెయ్యాలంటే ముందు బావ నోరు తెరవాలి కదా, అదొక్కటే వాళ్లకి తట్టలేదు.

పాత మిక్సరు మీద పైకీ కిందికీ జరిపే మీటలు పన్నెండు ఉండేవి. పైకి జరిపితే గొంతు ఊళ్లోకి వెళ్తుంది, కిందికి లాగితే ఆగిపోతుంది. నాలుగోది చదివేవాళ్ల మైకుది. మిగతా వాటి తలల మీద నల్లరంగు ఉండేది. నాలుగోదాని మీద మాత్రం బావ వేలికింద ఆ రంగు అరిగిపోయి, లోపలి లోహం తెల్లగా బయటపడింది. రోజూ ప్రసారానికి ముప్పావుగంట ముందే వచ్చి, మెత్తటి బ్రష్షుతో మీటల సందులన్నీ దులిపేవాడు. ఇంట్లో ఫ్యాను తుడవమంటే నెల్లాళ్లు మీనమేషాలు లెక్కపెట్టే మనిషి.

ఇక ఫ్లూటమ్మాయి గురించి చెప్పాలి. ఆ పేరు ఊరు పెట్టింది. ఆమె ఉద్యోగానికి వచ్చినప్పుడు ఇరవై రెండేళ్లు, ఇప్పుడు నలభై నాలుగు. అయినా అమ్మాయే. గొంతు పరీక్ష రోజున ముగ్గురు పెద్దమనుషులు మేనేజరు గదిలో కూర్చుని స్పీకర్లో వింటున్నారు. అద్దానికి అటు ఆ పిల్ల, ఇటు బావ. మొదటి వాక్యం చక్కగా చదివింది. రెండో వాక్యం మొదట్లో పెదవులు కలిశాయి, విడిపోలేదు. మెడనరాలు ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి, మాట మాత్రం రాలేదు. అది నత్తి. పెదవులు కలిపి పలకాల్సిన మాట వాక్యం మొదట్లో వస్తే ఆమె నోటికి తాళం పడేది.

బావకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నాలుగో మీట కిందికి లాగి, రెండో మీట మీద సిద్ధంగా ఉన్న ఫ్లూటు ముక్క పైకి తోశాడు. తోసి, కుడిచెయ్యి ఎత్తి అరచెయ్యి చూపించాడు. మైకు మూశానమ్మా, ఇప్పుడు వినేవాళ్లెవరూ లేరు, నేనొక్కణ్ణే ఉన్నాను అని దానర్థం. అరచెయ్యి చూడగానే ఆ పిల్ల భుజాలు కిందికి దిగాయి. మాట దానంతటదే వచ్చేసింది. మీట మూసినా బావ చెవులకున్న హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు వినిపిస్తుంది. విని, తలూపి, చెయ్యి దించి, ఫ్లూటు తగ్గించి, మైకు తెరిచాడు; ఆమె ఆ మాట మళ్లీ అని చదువుకుంటూ పోయింది. అంతా కలిపి నాలుగు సెకన్లు. పెద్దమనుషులు ముగ్గురూ, "మధ్యలో ఆ ఫ్లూటు ఎవరి ఆలోచనండీ, భలే ఉంది" అన్నారట. ఉద్యోగం వచ్చేసింది.

నాకు ఈ సంగతి మూడో నెలలో తెలిసింది. అదీ దెబ్బలాడటానికి వెళ్లి తెలుసుకున్నాను. చెమటోడ్చి రాసిన వాక్యం మధ్యలో పుల్ల పెట్టినట్టు ఫ్లూటు వస్తుంటే నాకు ఒళ్లు మండింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "నా వాక్యం మధ్యలో ఎవడు ఊదమన్నాడు బావా?" అని అరిచాను. బావ ఎడమచేత్తో ఆగమని సైగ చేశాడు. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. అద్దానికి అవతల ఆ పిల్ల, ఆ చేతివైపే చూస్తూ, పసిపిల్లలా పెదవులు కదుపుతోంది. నా నోరు మూతపడింది. జీవితంలో బావ ముందు నా నోరు మూతపడటం అదే మొదలు.

ఆ తర్వాత నేనూ ముఠాలో చేరిపోయాను. ఆమె పెదవులకి అడ్డుపడే మాటలన్నీ వాక్యాల మొదట్లోంచి ఏరిపారేసేదాన్ని. "మన ఊరు" కాస్తా "ఈ ఊరు" అయింది, "మంచినీళ్లు" తాగునీరయింది. మంగళవారం, బుధవారం మాత్రం నాకు కొరుకుడు పడలేదు. "నిన్నటితో సోమవారం ముగిసింది" అని ఒకసారి రాశాను. "ఈవిడకి మతి పోయింది" అన్నాడు అప్పటి మేనేజరు. అననీ. అయినా రోజుకి రెండు మూడు చోట్ల ఫ్లూటు తప్పేది కాదు. ఊరికి అదే నచ్చింది. ఫ్లూటు వస్తే ఆ వెనకాల ఏదో మంచి మాట వస్తుందని ఉత్తరాలు రాసేవారు. మా స్టేషన్లోనే ఇంకో ఇద్దరు, "మాకెందుకు పెట్టరు ఫ్లూటు?" అని బావతో మాట్లాడటం మానేశారు. మాట్లాడినా మానేసినా బావకి పెద్ద తేడా తెలిసి ఉండదు.

ఆమె ఇంట్లో గలగలా మాట్లాడేది. నాతో మాట్లాడేది, బావని "బాబాయ్" అని పిలిచి ఆయన చెవిలో జోరీగలా మాట్లాడేది. కొత్తవాళ్ల ముందు మాత్రం నోరు విప్పేది కాదు. ఒకసారి ఇద్దరం కలిసి సబ్బులు కొనడానికి వెళ్లాం. కొట్టు లోపల రేడియోలో పొద్దుటి కార్యక్రమం మళ్లీ వస్తోంది, ఆమె గొంతే. కొట్టాయన దాన్ని వింటూ, "ఏం కావాలమ్మా?" అని అడిగాడు. ఆమె వేలు పెట్టి నీలంరంగు సబ్బు చూపించింది. ఆయన సబ్బు ఇస్తూ, "ఈ పిల్ల చదువుతుంటే ప్రాణం లేచొస్తుందండీ" అన్నాడు నాతో. ఆమె నవ్వు ఆపుకోలేక నా వెనక్కి వచ్చి నుంచుంది. ఊరు మొత్తం ముందు ఆమె మాట తడబడకుండా నిలబడే చోటు ప్రపంచంలో అదొక్కటే ఉంది, ఆ అద్దం వెనక, మా బావ చేతికింద. అది పోతే ఆమెకి మిగిలేది సబ్బు చూపించే వేలే. బావతో కలిపి మా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు కాబట్టే ఇరవై రెండేళ్లు నాలుగో మనిషికి తెలియనివ్వలేదు.

ఇక కొత్త పరికరాలు. కడుపు మండే విషయం ఏమిటంటే, అవి కావాలని అర్జీ రాసింది బావే. పన్నెండు మీటల్లో అయిదు మూగబోయాయి, విడిభాగాలు ఎక్కడా దొరకడం లేదు, నాలుగోది కూడా అప్పుడప్పుడు గరగరమంటోంది. రోజూ నింపాల్సిన లాగుబుక్కులో మూడేళ్లుగా అదే రాశాడు. ఆయన అడిగింది కొత్త మిక్సరు. వచ్చింది రెండు తెరలు, ఒక కీబోర్డు, ఒక మౌసు. ఇప్పటి మేనేజరు మంచివాడే. పెట్టెలు దిగిన రోజు బావ భుజం తట్టి, "ఇన్నాళ్లకి మీ మాట నెగ్గిందండీ!" అన్నాడు. బావ పెట్టెల్లోకి తొంగిచూసి, "మీటలు వేరే పెట్టెలో వస్తాయా?" అని అడిగాడు. మేనేజరు అది హాస్యమనుకుని నవ్వాడు.

పాత మిక్సరుని ఇద్దరు మనుషులు పక్కకి వాల్చి తలుపులోంచి బయటికి పట్టుకెళ్లారు. అది ఉన్నంతమేరా బల్ల రంగు మాయకుండా ఉండిపోయింది. బావ ఆ చోటంతా గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

కంపెనీ ఇంజనీరు వచ్చి పని నేర్పించాడు. మర్యాదస్తుడు, ప్రతి వాక్యం చివరా సార్ తగిలించేవాడు. "మీరేం చెయ్యక్కర్లేదు సార్. టైముకి మైకు అదే తెరుచుకుంటుంది, టైముకి అదే మూసుకుంటుంది. మాట ఆగిపోయి ఏడు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే అదే ఒక పాట అందుకుంటుంది. మీరు హాయిగా కూర్చుని చూడటమే."

"మధ్యలో మైకు మూయాలంటే?" అన్నాడు బావ.

"మధ్యలో ఎందుకు మూయాలి సార్?"

నేను అందుకుని, "దగ్గొస్తుంది, తుమ్మొస్తుంది, మనిషన్నాక సవాలక్ష" అన్నాను.

"దగ్గితే దగ్గు వినిపిస్తుంది మేడం, తప్పేముంది? ఆపరేటరు చెయ్యి పెట్టినచోటే తప్పులు వస్తున్నాయని మా కంపెనీవాళ్లు మధ్యలో మూసే వీలుకి తాళం వేసేశారు" అన్నాడు. ఆపరేటరు ముఖం మీదే అన్నాడు. చెడ్డవాడు కాదు పాపం, తెలియక అన్నాడు.

సోమవారం కొత్త మిషను మొదలైంది. ఆ రోజు గట్టెక్కింది. మంగళవారం రానే వచ్చింది. ఆమె ఆ మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అద్దంలోంచి బావ వైపు చూసింది. బావ ముందు మౌసు ఉంది, చేతులు ఒళ్లో ఉన్నాయి. తెరమీద ఏడు, ఆరు, అయిదు అని అంకెలు దిగుతున్నాయి. సున్నా రాగానే, తాగునీటి సరఫరా వేళల మధ్యలోకి ఒక ప్రేమికుల పాట దూకింది. పాట పూర్తిగా పాడి గానీ మిషను శాంతించలేదు.

ఫోన్లు మోగాయి. నేనే ఎత్తాను. గుండె రాయి చేసుకుని ఎత్తానేమో, మొదటాయన మాట వినగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ కొత్త మిషను తగలెయ్య! మా ఫ్లూటమ్మాయి గొంతు మింగేస్తోందండీ!" అన్నాడాయన. అందరిదీ అదే మాట. ఊళ్లో ఒక్కడికి కూడా ఆమె మీద అనుమానం రాలేదు. ఇరవై రెండేళ్లుగా మచ్చలేని గొంతు, నిన్నగాక మొన్న వచ్చిన మిషను. తప్పు ఎవరిదంటారు?

మేనేజరు పరుగెత్తుకొచ్చి, "ఏమైందండీ?" అని బావని అడిగాడు. బావ లాగుబుక్కు తెరిచాడు. అప్పటిదాకా అందులో అబద్ధం రాసి ఎరగడు. రాయాల్సింది కొంత రాయకుండా ఉన్నాడేమో, అది వేరు. పెన్ను మూత తీసి, "మిషను లోపం. మాట మధ్యలో ఆగినది" అని రాశాడు. రాస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

మూడు వారాలు అలాగే నెట్టుకొచ్చాం. నేను మాటలు ఏరి ఏరి స్క్రిప్టులు గుండు కొట్టించినట్టు చేశాను. అయినా రోజుకొక పాట దూకుతూనే ఉంది. పైగా అంతకుముందు తడబడని మాటల దగ్గర కూడా ఆమె ఆగడం మొదలైంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ ఆ గోడ తనంతట తాను దాటలేదు. ఆగడం, చెయ్యి కోసం చూడటం, అంతే నేర్చుకుంది. మేం నేర్పింది అదే. ఈ మాట నేనొకసారి ఇంట్లో బావతో అన్నాను. ఆయన మంచినీళ్లకి లేచి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చాలాసేపయింది.

ఒకరోజు ప్రసారం అయ్యాక ముగ్గురం వరండా బెంచీ మీద కూర్చున్నాం. ఆమె, "పాపం మిషను బాబాయ్, ఎన్ని తిట్లు తింటోందో" అని నవ్వింది. నవ్వు ఎక్కువసేపు ఆగలేదు. "నీ చెయ్యి కనిపించకపోతే నాకు నోరెండిపోతోంది. ఒక్కసారి ఎత్తితే చాలు, వచ్చేస్తుంది. కానీ ఉత్తుత్తి చెయ్యి వద్దు. మైకు మూసే దారి దొరికిన రోజునే ఎత్తు. అది లేకుండా ఎత్తావంటే ఇంక నేను నీ చెయ్యి కూడా నమ్మలేను."

"ఎత్తను" అన్నాడు బావ. "దారి చూస్తాను."

లాగుబుక్కులో పదిహేను లోపాలు పోగయ్యేసరికి కంపెనీ ఇంజనీరు మళ్లీ వచ్చాడు. రెండు రోజులు మిషను కడుపంతా విప్పి, తీగలన్నీ మార్చి, మైకు కూడా మార్చాడు. ఏ లోపమూ దొరకలేదు. తల ప్రాణం తోకకొచ్చి, వాడిపోయిన ముఖంతో మా క్యాంటీను బల్ల దగ్గర కూర్చుని, "ఈ స్టేషను నా ఉద్యోగం తీసేలా ఉంది మేడం" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఏ పాపం ఎరగని మనిషి చేత మేం లేని రోగానికి మందు వెతికిస్తున్నాం.

ఆ సాయంత్రం బావ ఆయన్ని పక్కకి పిలిచాడు. పక్కకి పిలవడానికి బావ ఎంత ధైర్యం కూడగట్టుకోవాలో నాకు తెలుసు. మైకు మూసే మీట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పెట్టి వెళ్లమని అడిగాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "నా చేతుల్లో లేదు సార్. పైవాళ్లకి రాస్తాను. వచ్చే ఏడాది మార్పుల్లో చూస్తారేమో."

బావ వరండాలోకి వచ్చాడు. ఆమె బెంచీ మీంచి లేచి, "అడిగావా బాబాయ్?" అంది.

"అడిగాను."

"ఏమన్నాడు?"

బావ ఆమె ముఖం చూశాడు. ఆ ముఖం చూస్తే నేనైనా నిజం చెప్పగలిగేదాన్ని కాదు. "చూస్తానన్నాడు" అన్నాడు.

ఆమె రెండు చేతులూ జోడించి గుండెలకి ఆనించుకుంది. వచ్చే ఏడాది అన్న రెండు మాటలు బావ మింగేశాడు. ఆయన పక్కనే నేనున్నాను. నా నోరు అంత పొడుగు కదా, ఊరందరినీ కడిగేస్తాను కదా, ఆ రెండు మాటలు నేనైనా చెప్పొచ్చు. చెప్పలేదు. రేపు చెప్దాంలే అనుకున్నాను. నన్ను నేను తిట్టుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆ బెంచీ దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మర్నాడు బుధవారం. ప్రసారం జరుగుతుండగా లోపం కళ్లారా చూస్తేగానీ తేలదని ఇంజనీరు బావ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేనేజరు వెనకాల నుంచున్నాడు. నేను స్క్రిప్టు నకలు పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. ఏ వారమో చెప్పకుండా వార్తలు మొదలుపెడుతున్నామని ఎవరో ఫిర్యాదు చేశారట. మేనేజరు నన్ను అడగకుండా స్క్రిప్టు నెత్తిన తన చేత్తో "బుధవారం" అని రాసి లోపలికి పంపేశాడు. నా నకల్లో ఆ మాట లేదు.

మైకు తెరుచుకుంది. కొత్తగా పెట్టిన ఎర్రదీపం అద్దం పైన వెలిగింది. పాత దీపం ఏనాడో మాడిపోయింది కాబట్టి ఆమెకి దీపం చూసే అలవాటు లేదు. ఆమె చూసేది ఒక్కటే. శుభోదయం చెప్పింది, స్టేషను పేరు చెప్పింది, కాగితం వైపు చూసింది. పెదవులు కలిశాయి. కలిసి అలాగే ఉండిపోయాయి.

"ఇదిగో, ఇదే" అన్నాడు ఇంజనీరు ముందుకి వంగుతూ. తెరమీద ఏడు. ఆరు.

బావ కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. ఆయన లేపలేదు. నేను ప్రమాణం చేసి చెప్తాను, ఆయన ఆమె ముఖం తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఆ చెయ్యి బల్ల మీద మాయని రంగు ఉన్న చోటికి వెళ్లింది, నాలుగో మీట ఉండాల్సిన చోట చూపుడువేలు ఆనించి కిందికి లాగింది. ఖాళీ బల్ల మీద గోరు గీరుకున్న చప్పుడు వినిపించింది. ఇరవై రెండేళ్లుగా లాగడం, ఎత్తడం ఆ చేతికి ఒకటే పని. లాగింది, ఎత్తింది.

అద్దానికి అవతల ఆమె ముఖం విచ్చుకుంది. దారి దొరికిందనుకుంది. భుజాలు దిగాయి, కుర్చీలో వెనక్కి వాలింది, ఆ పెదవులు హాయిగా విడిపోయాయి.

"బాబాయ్! మొత్తానికి మూయించావన్నమాట. బతికించావు. మూడు వారాల్నుంచి పొద్దున్న లేస్తే భయమే అనుకో. పాపం ఆ ఇంజనీరు మిషనంతా పీకి పారేస్తున్నాడు, నత్తి నాకుంటే దానికి మందేస్తున్నాడు. మన దొంగతనం బయటపడితే మేనేజరు ముఖం ఎలా ఉంటుందో!"

అన్నీ పెదవులు కలిసే మాటలతో మొదలైన వాక్యాలే. ఒక్కటి కూడా తడబడలేదు. అంత స్వచ్ఛంగా ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ చదవలేదు. మా గది స్పీకర్లోంచి, సబ్బుల కొట్టులోంచి, ఊళ్లో ఎన్ని రేడియోలు తెరిచి ఉన్నాయో అన్నిట్లోంచి ఆ మాటలు వెళ్లిపోయాయి. నేను అద్దం మీద చరిచాను. ఆమె నా వైపు చూసింది, నా వెనక మేనేజరుని చూసింది, తలెత్తి ఎర్రదీపం చూసింది. ఆఖర్న బావ చెయ్యి చూసింది. అది ఇంకా పైనే ఉంది.

"వెళ్తోందా?" అంది చిన్నగా. అదీ వెళ్లింది.

తెరమీద ఏడు నుంచి సున్నా దాకా అంకెలు దిగాయి. మిషను తన పని తాను చేసింది, పాట అందుకుంది. ఇంజనీరు తన బ్యాగు జిప్పు నెమ్మదిగా మూశాడు. తెలిశాక గెలిచినట్టు ఒక్క నవ్వైనా నవ్వి ఉంటే నాకు తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. ఆయన కళ్లు దించుకుని, "ముందే చెప్పి ఉండాల్సింది సార్" అన్నాడు, అంతే.

ఆ రోజు ఫోన్లు మోగలేదు. అది మరీ భరించలేకపోయాను. రెండు రోజుల తర్వాత ఉత్తరాలు వచ్చాయి, అన్నీ జాలివే. ఒకావిడ నత్తికి ఏదో వేరు అరగదీసి తాగమని రాసింది. ఆమె వాటిని విప్పి, చదివి, మళ్లీ కవర్లలో పెట్టి నా బల్ల మీద పెట్టేసింది. మేనేజరు ఎవరినీ ఏమీ అనలేదు. ముందుగా రికార్డు చేసుకుందాం, ఆగినచోట్లు కోసేసి అతికిద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు. ఆమె ఒక చీటీ మీద రాసి ఇచ్చింది, "అందరికీ తెలిసిపోయింది కదండీ. అతుకుల గొంతు నాకొద్దు" అని. అవును, రాసే ఇచ్చింది. రికార్డుల గదిలో పని అడిగి తీసుకుంది. పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కించే పని. తన గొంతే, ఫ్లూటుతో సహా, రోజంతా హెడ్‌ఫోన్‌లో వింటూ కూర్చుంటుంది.

పొద్దుటి కార్యక్రమం ఇప్పుడు వేరే అమ్మాయి చదువుతోంది. చక్కగా చదువుతుంది, మంగళవారం అంటే మంగళవారం అనేస్తుంది. నేను ఏ మాటైనా ఎక్కడైనా రాసుకోవచ్చు. రాయబుద్ధి కాదు. బావ మాత్రం టైముకి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు. మైకు తెరుచుకోగానే కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని దాని మీద తన బరువంతా వేస్తాడు. మూసుకునేదాకా తియ్యడు. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఆ వేళ్లు తిమ్మిరెక్కి ముద్ద జారిపోతోందని మా అక్క నాతో చెప్పింది. కారణం ఆవిడకి నేను చెప్పలేదు.

మొన్న ప్రసారం మధ్యలో ఆమె కంట్రోలు గదికి వచ్చింది. ఆ బుధవారం తర్వాత ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. టేపుల జాబితా ఏదో కావాలి. నేనూ అక్కడే ఉన్నాను. బావ తొడకింద నలుగుతున్న చెయ్యి చూసి ఆగిపోయింది. చాలాసేపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. ఆయన పక్కకి వచ్చి, వంగి, పిలవబోయింది.

పెదవులు కలిశాయి. విడిపోలేదు.

ఎప్పుడూ ఆయన దగ్గర తడబడని మాట అది. ఇరవై రెండేళ్లుగా రోజుకి వందసార్లు పిలిచిన పిలుపు. బావ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. తొడకింద చెయ్యి కదలడం నాకు కనిపించింది. ఆయన ఇంకాస్త గట్టిగా దాని మీద కూర్చున్నాడు, కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే అలాగే కూర్చున్నాడు. ఆమె ప్రయత్నిస్తూనే ఉంది. ఆఖరికి వేలు పెట్టి జాబితా ఉన్న అర చూపించింది.

బావ ఎడమచేత్తో అందుకుని ఇచ్చాడు.